కళాయి అక్కరలేని లోహం

చింతపండు చారు ఇత్తడి గిన్నెలో కాగాలంటే కళాయి ఉండాలి, లేకుంటే చిలుమే. ఆ బెంగను మన వంటిళ్లనుంచి తరిమింది స్టెయిన్‌లెస్ స్టీలు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల అరుగుదల తగ్గించబోయి, క్రోమియం కలిపిన ఈ ఉక్కును తయారుచేశాడు. క్రోమియం 10.5 శాతమైనా ఉంటే పైన కంటికానని ఆక్సైడు పొర కడుతుంది. గీత పడ్డా గాలి తగిలి తిరిగి పూడుకుంటుంది.

దీన్ని పలుచని రేకుగా సాగదీసి చుట్టలు చుడతారు. 1970లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన సేలం కర్మాగారం అటువంటి చుట్టలకే పేరుపొందింది. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయివాళ్ల కేక వీధుల్లో వినబడకుండా పోయింది. ఆ నష్టాన్ని మనం లెక్కగట్టనే లేదు.

ఇక్కడ, కాన్‌బెర్రాలో 1988లో తెరచిన పార్లమెంటు భవనంపై 81 మీటర్ల ధ్వజస్తంభమూ ఈ లోహమే. అయితే సముద్రపు ఉప్పుగాలికి మామూలు రకంపై తేనీటి మరకల్లాంటివి పడతాయి. అందుకే తీరప్రాంతాల్లో మాలిబ్డినం కలిపిన 316 రకం వాడతారు. పేర్లు చెక్కించి మనం మోసుకొచ్చిన గిన్నెలు ఉండేది వంటింట్లోనే కనుక వాటికి ఆ బెడద లేదు.