సీసపు ముద్ర నుంచి సాఫ్ట్‌వేరు దాకా

మన సంస్థ చరిత్ర రాయవలసి వచ్చినప్పుడల్లా అందరూ 1932 తోనే మొదలుపెడతారు. నిజాం స్టేట్ రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రారంభం కావడం, 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి రావడం, 1958 జనవరి 11న ఎ.పి.ఎస్.ఆర్.టి.సి. ఏర్పడడం, ఇవన్నీ సోదర సభ్యులకు కంఠోపాఠమే. నేను బస్సుల లెక్క రాయబోవడం లేదు. ఇంజనులోకి ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే పెత్తనం ఒకప్పుడు ఎవరి చేతిలో ఉండేది, అది చేతులు మారుతూ ఈనాడు కారులోని ఒక చిన్న పెట్టె దాకా ఎట్లా వచ్చింది అన్నది నా విషయం. ఇది మెకానికల్ సెక్షను వాళ్ళకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. మన పిల్లలు టర్బో కార్లు కొంటున్నారు, వాటికి "మ్యాపు వేయిస్తాం" అంటున్నారు. ఆ ఖర్చు ఒక్కొక్కసారి మన పెన్షను మీదికే వస్తుంది గనుక ఇంటిల్లిపాదీ చదవవచ్చు.

జర్మనీలోని బాష్ కంపెనీ డీజిల్ ఇంజెక్షన్ పంపును 1927 లో పెద్దయెత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పని 1951 లో బెంగళూరులో ఏర్పడ్డ మైకో చేపట్టింది. అందుకే మా తరం మెకానిక్కులకు పంపు అంటే మైకో పంపే. టాటా వారికి 1954 నుంచి మెర్సిడెస్ బెంజ్ వారితో ఒప్పందం, మద్రాసు అశోక్ వారికి ఇంగ్లండు లేలాండ్ వారితో ఒప్పందం. బండి ఏదైనా, దాని బలం, పొగ, మైలేజీ మూడూ పంపు రూములోనే తేలేవి.

పంపు రూము చూడనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. దుమ్ము చొరకుండా తలుపులు మూసి ఉంచే గది. పంపును బెంచి మీద బిగించి, ఇన్ని చుట్లకు అని తిప్పేవాళ్ళం. నిర్ణీత స్ట్రోకులకు ఒక్కొక్క ఎలిమెంటు ఎంత డీజిల్ పోస్తున్నదో గీతలున్న గాజు గొట్టాలలో పడేది. ఆరు గొట్టాలలో మట్టం సమానంగా రావాలి. ఒకదానిలో తగ్గితే ఆ సిలిండరు సోమరిగా పనిచేస్తుంది, ఎక్కువైతే పిస్టను మీద భారం. గవర్నరు సరిచూసి, పూర్తి లోడులో పోవలసిన డీజిల్‌కు హద్దు పెట్టి, చివరికి ఆ స్క్రూకు తీగ చుట్టి సీసపు ముద్ర వేసేవాళ్ళం. ముద్ర తెగి ఉంటే ఎవరో తిప్పినట్టే లెక్క. స్క్రూ కొంచెం తిప్పితే ఘాటు మీద బండి ఉరుకుతుంది, నిజమే. వెనకాల నల్లటి పొగ, నెలాఖరుకు కె.ఎం.పి.ఎల్. పడిపోవడం కూడా అంతే నిజం. ఒక్క లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న ఆ నాలుగక్షరాల మీద డ్రైవరుకూ డిపోకూ ఎంత పట్టింపు ఉండేదో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక టర్బో సంగతి. ఆల్ఫ్రెడ్ బ్యూషీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905 లోనే దానికి పేటెంటు పొందాడు. బయటికి వృథాగా పోయే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీది రెండో చక్రం గాలిని ఇంజనులోకి కూరుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిల్ కాల్చవచ్చు. కార్లలో అది 1962 లో అమెరికాలో తొలిసారి కనిపించింది. మన లారీలకు, బస్సులకు విస్తారంగా రావడానికి పొగ నిబంధనలు బిగియడం ముఖ్య కారణం. టర్బో బండి పంపు మీద ఒక డయాఫ్రం పెట్టేవారు. గాలి ఒత్తిడి పెరిగిన తరువాతనే అది అదనపు డీజిల్‌ను వదిలేది. గాలి రాకముందే డీజిల్ పోస్తే పొగ తప్ప బలం రాదు. ఈ చిన్న సూత్రం జ్ఞాపకం ఉంచుకుంటే తరువాత వచ్చిన కంప్యూటరు కథ అంతా తేలికగా అర్థమవుతుంది.

1997 లో ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్ రైల్ పద్ధతి వచ్చింది. పాత నాజిల్ 200 బార్ దగ్గర తెరుచుకుంటే, ఇందులో ఒత్తిడి 1,350 బార్ దాకా పోయింది. మన దగ్గర 2002 లో హ్యుందాయ్ యాక్సెంట్, 2007 లో మారుతీ స్విఫ్ట్ డీజిల్ వచ్చాక అది మామూలు కుటుంబాలకూ అందింది. దానితో పంపు రూము పని కారులోని ఇ.సి.యు. అనే పెట్టెలోకి పోయింది. అందులో పట్టికలుంటాయి. ఇన్ని చుట్ల మీద, ఇంత లోడు మీద ఎంత డీజిల్, ఎప్పుడు, ఎంత గాలి ఒత్తిడి అని గడి గడికీ ఒక అంకె. దీన్నే మ్యాపు అంటారు. మా గాజు గొట్టాలకు బదులు అంకెలు, సీసపు ముద్రకు బదులు రహస్య సంకేతం.

ముద్ర తెంచేవాళ్ళు మాత్రం పోలేదు. మొదట్లో లోపలి చిప్పును ఊడదీసి వేరేది పెట్టేవారు. తరువాత స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టు గుండానే మ్యాపు మార్చడం వచ్చింది. ఈనాడు మార్కెట్లో మూడు దారులున్నాయి. తయారీదారు మ్యాపును తెరిచి సవరించే విన్‌ఓఎల్ఎస్, ఇ.సి.ఎం. టైటానియం వంటి సాఫ్ట్‌వేర్లు ఒకటి. పాత పెట్టెను తీసేసి కొత్తది పెట్టి, ట్యూనర్ స్టూడియో వంటి దానితో మొదటి నుంచీ మ్యాపు రాసుకోవడం రెండోది. అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు రూపొందించిన మెగాస్క్విర్ట్ ఈ రకానిదే, పందెపు కార్లవాళ్ళకు ఇష్టం. మూడోది ట్యూనింగ్ బాక్స్. ఇది సెన్సారుకూ పెట్టెకూ మధ్య కూర్చుని "ఒత్తిడి తక్కువగా ఉంది" అని అబద్ధం చెబుతుంది, పెట్టె నమ్మి ఒత్తిడి పెంచుతుంది. అన్నిటికన్నా చవక. నా మట్టుకు నాకు సాక్షి చేత అబద్ధం చెప్పించి తీర్పు రాబట్టడం నచ్చదు.

సాఫ్ట్‌వేరు అబద్ధం ఎంత దూరం పోగలదో 2015 సెప్టెంబరులో లోకమంతా చూసింది. పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను శుభ్రంగా వదిలే సాఫ్ట్‌వేరు ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లలో బయటపడింది. అట్లాంటివి ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లు!

మా మేనల్లునికి ఒక పాత స్విఫ్ట్ డీజిల్ ఉంది. చివ్వెంల నుంచి హైదరాబాదుకు వారానికి రెండుసార్లు పోయి వస్తాడు. బండి గుంజుడు తగ్గిందని మ్యాపు వేయించుకోవాలని పట్టుబట్టాడు. "మామా, ఇదే ఇంజను ఇంకో కార్ల తొంభై గుర్రాల బలమిస్తదట, మనదాంట్ల డెబ్బయ్యయిదే. తాళమేసి పెట్టిన్రట" అన్నాడు. ఇది నగరంలో ఒక దుకాణం వాళ్ళు చెప్పిన మాట. సగమే నిజం. ఆ 1.3 లీటర్ల ఇంజను 90 బలంతో వేరే కార్లలో వచ్చిన మాట వాస్తవమే. కాని వాటిలో టర్బోనే వేరు, రెక్కల కోణం మారే రకం. ఆ బలమంతా ఒక్క సాఫ్ట్‌వేరుతో వచ్చింది కాదు.

నేను వానితో దుకాణం వాళ్ళను అడిగించినవి ఇవి. మా పెట్టె నంబరుకే ఈ సాఫ్ట్‌వేరు పనిచేస్తుందా? మార్చకముందు అసలు మ్యాపు తీసి మా చేతికి ఇస్తారా? బండి నడుస్తుండగా గాలి ఒత్తిడి, రైలు ఒత్తిడి రికార్డు చేసి చూపిస్తారా? పొగ హద్దును, టార్కు హద్దును ఎంత పెంచుతారు? పెట్రోలు టర్బో అయితే ఇంకొకటి కూడా అడగాలి. మన బంకుల్లో మామూలు పెట్రోలు ఇదివరకు 91 ఆక్టేన్ ఉండేది, జర్మనీలో 95, 98 దొరుకుతుంది. అక్కడి మ్యాపును తెచ్చి మే నెల ఎండలో సూర్యాపేట రోడ్డు మీద నడిపితే ఇంజను తన్నవచ్చు. చట్టం సంగతీ ఉంది. రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేట్టు బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

దుకాణం వాళ్ళు అసలు మ్యాపు ఇవ్వమన్నారు. రికార్డు చూపే అలవాటు తమకు లేదన్నారు. అప్పుడు మ్యాపు రాసే సాఫ్ట్‌వేరు సంగతి పక్కనపెట్టి, ముందు చదివే సాఫ్ట్‌వేరు తెమ్మన్నాను. సాకెట్టుకు తగిలించే చిన్న పరికరం, సెల్‌ఫోనులో ఒక ప్రోగ్రాము. దురాజ్‌పల్లి దాటి హైవే ఎక్కి మూడో గేరులో పూర్తిగా తొక్కించాను. పెట్టె అడుగుతున్న గాలి ఒత్తిడి ఒకటి, వస్తున్నది మరొకటి, బాగా తక్కువ. బానెట్ ఎత్తి వెతికితే టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చిట్లి, చుట్టూ నూనె చెమ్మ కనబడింది. డయాఫ్రం చిరిగిన బస్సు ఘాటు ఎక్కలేక మూలిగినట్టే ఇదీను.

గొట్టం మార్పించాం. బండి తన పాత గుంజుడుకు వచ్చింది. మ్యాపు కోసం దాచిన డబ్బులో నాలుగు టైర్లు వచ్చాయి. అయినా వాడు ఇంకా బెంగళూరు, కోయంబత్తూరు ట్యూనర్ల ధరలు కనుక్కుంటూనే ఉన్నాడు. పైన రాసిన ప్రశ్నల చీటీ వాని కారు డ్యాష్‌బోర్డులోనే ఉంది.