హైదరాబాద్ నగర నేత్ర సర్వే - ఐటీ కారిడార్‌కు అందించే పాఠాలు

సర్వేంద్రియాలలో నయనమే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట అందరికీ విదితమే. అయితే ఒక మహానగరంలో ఎందరికి చూపు మందగించినది, ఏ కారణం చేత మందగించినది అన్న ప్రశ్నకు ఆసుపత్రి రిజిస్టర్లు పూర్తి సమాధానం చెప్పలేవు. ఆసుపత్రికి వచ్చినవారే ఆ లెక్కలో ఉంటారు. రానివారి లెక్క తెలియాలంటే ఇంటింటికీ వెళ్లవలసిందే. ఈ పని హైదరాబాద్ నగరంలో 1996-97లో శాస్త్రీయంగా జరిగినది. హైటెక్ సిటీ, సైబరాబాద్ ప్రాంతాల నేటి అవసరాలను అర్థం చేసుకొనేందుకు ఆ సర్వే ఇప్పటికీ దారి చూపుతున్నది.

సర్వే నేపథ్యం

దేశంలో జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం 1976లో ప్రారంభమైనది. 1986-89 నాటి జాతీయ సర్వే దేశంలోని అంధత్వంలో దాదాపు 80 శాతానికి శుక్లాలే కారణమని తేల్చినది. అందువలన నిధులు, శిబిరాలు, శస్త్రచికిత్సల లక్ష్యాలు అన్నీ శుక్లాల చుట్టూనే తిరిగాయి. ప్రపంచ బ్యాంకు సహాయంతో 1994లో మొదలైన శుక్లాల అంధత్వ నియంత్రణ పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒక రాష్ట్రం.

ఈ అంచనా ఎంతవరకు సరైనదో పరిశీలించేందుకు బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 'ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం' చేపట్టినది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఈ సంస్థకు ప్రముఖ చలనచిత్ర నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పేరు పెట్టడం జరిగినది. అధ్యయనం మొదటి దశకు హైదరాబాద్ నగరాన్ని ఎంచుకున్నారు. అనంతరం పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామీణ ప్రాంతాలకు దానిని విస్తరించారు.

సర్వే జరిగిన తీరు

ఆర్థిక స్థితిని, మతాన్ని దృష్టిలో ఉంచుకొని నగరంలోని 24 జనసమూహాలను ఎంపిక చేశారు. సంపన్నుల కాలనీలు మొదలు మురికివాడల వరకు అన్ని వర్గాలకూ ఇందులో స్థానం లభించినది. ఎంపికైన 2,954 మందిలో 2,522 మందిని, అనగా 85 శాతానికి పైగా, పరీక్షించగలిగారు. వీరిలో 30 ఏళ్లు, అంతకు పైబడినవారు 1,399 మంది. ఆసుపత్రికి రాలేని అశక్తులను ఇంటివద్దనే పరీక్షించారు.

అక్షరాల పట్టిక చదివించడంతో పరీక్ష ముగియలేదు. కంటి లోపలి పీడనాన్ని కొలిచారు. చుక్కలమందు వేసి కనుపాపను పెద్దది చేసి రెటీనాను పరిశీలించారు. కన్ను కదపకుండా చుట్టుపక్కల ఎంతమేరకు కనిపిస్తున్నదో తెలిపే దృష్టిక్షేత్ర పరీక్షనూ యంత్రసహాయంతో నిర్వహించారు.

వెల్లడైన అంశాలు

ఇద్దరు కళ్లున్నవారిలో మెరుగైన కంటి చూపు 6/60 కంటే తక్కువ ఉన్నా, దృష్టిక్షేత్రం 20 డిగ్రీల కంటే కుంచించుకుపోయినా అంధత్వంగా పరిగణించారు. సాధారణ దృష్టి గలవారు 60 మీటర్ల నుండి గుర్తించగల అక్షరాన్ని 6 మీటర్ల దూరం నుండి మాత్రమే గుర్తించగలగడాన్ని 6/60 అంటారు. ఈ కొలత ప్రకారం 49 మంది అంధులుగా తేలారు. వారందరూ 30 ఏళ్లు పైబడినవారే. జనాభా స్వరూపానికి అనుగుణంగా సవరించగా ఆ వయోవర్గంలో అంధత్వం 3.08 శాతంగా నమోదైనది.

కారణాలలో శుక్లాల వాటా 29.7 శాతం మాత్రమే. రెటీనా వ్యాధులు 17.1, నల్లగుడ్డు వ్యాధులు 15.4, కళ్లజోడుతో సరిచేయగల దృష్టి దోషాలు 12.5, నీటికాసులు 12.1, దృష్టినాడి క్షీణత 11.0 శాతంగా తేలాయి. దృష్టిక్షేత్ర పరీక్ష జరపకపోయి ఉంటే 15.7 శాతం అంధత్వం అసలు లెక్కకే అందేది కాదు. ఆ పరీక్షతో పాటు రెటీనా పరిశీలనను కూడా వదిలివేసి ఉంటే శుక్లాలకు ఆపాదించే అంధత్వం 75.8 శాతం వరకు అధికంగా కనిపించి ఉండేది. పైపై పరీక్ష రోగాన్ని దాచడమే కాక, తప్పు కారణాన్ని ముందుకు తెస్తుందని దీనివలన స్పష్టమైనది. ఈ ఫలితాలు 1998లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురితమైనాయి.

నీటికాసుల విషయం మరింత ఆలోచింపజేసేది. సాధారణ రకపు నీటికాసులు ఉన్నట్లు నిర్ధారణ అయిన 27 మందిలో కేవలం ఇద్దరికి మాత్రమే అంతకుముందు ఆ వ్యాధి గుర్తించబడి చికిత్స లభించినది. నగర ప్రజలలో శుక్లాలను గురించి 69.8 శాతం, రేచీకటిని గురించి 60 శాతం, మధుమేహం వలన వచ్చే రెటీనా వ్యాధిని గురించి 27 శాతం మందికి తెలియగా, నీటికాసులను గురించి తెలిసినవారు 2.3 శాతం మాత్రమే. నొప్పి లేకుండా అంచుల నుండి చూపును హరించే ఈ వ్యాధి వలన పోయిన చూపు తిరిగి రాదు.

నగరం, గ్రామాలు కలిపి రాష్ట్రమంతటికీ వర్తించేలా 10,293 మందిని పరీక్షించిన తరువాత అన్ని వయసులవారిలో అంధత్వం 1.84 శాతంగా తేలినది. అందులో 60.3 శాతం శుక్లాల శస్త్రచికిత్సతో గాని, కళ్లజోడుతో గాని సులభంగా తొలగించదగినదే. వృద్ధులు, స్త్రీలు, పేదలు, గ్రామీణులు అధికంగా బాధితులు కావడం గమనార్హం.

ఐటీ కారిడార్ పరిస్థితి

ఈ సర్వే జరిగేనాటికి సైబర్ టవర్స్ లేదు. ఆ భవనాన్ని 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలున్న శేరిలింగంపల్లి 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైనది. కనుక 1996-97 నాటి అంకెలను ఈ ప్రాంతానికి యథాతథంగా అన్వయించరాదు. అదే అధ్యయనం 2012-16లో మరల జరిగినప్పుడు గ్రామీణ ప్రాంతాలవారినే పరీక్షించడం జరిగినది.

ఈ కారిడార్‌లో కంటి ఆరోగ్యం అనగానే కంప్యూటర్ ఉద్యోగులే గుర్తుకు వస్తారు. తెరవైపు తదేకంగా చూసేటప్పుడు రెప్పపాటు తగ్గి కళ్లు పొడిబారడం, మంట, తలనొప్పి కలుగుతాయి. ఇవి బాధాకరమే అయినా అంధత్వానికి దారితీసేవి కావు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడటం ఉపశమనాన్ని ఇస్తుంది.

అయితే ఆ భవనాలను కట్టిన కూలీలు, కాపలాదారులు, పారిశుద్ధ్య సిబ్బంది, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు కూడా ఈ జనాభాలో భాగమే. నలభై దాటగానే వచ్చే చత్వారానికి సరైన కళ్లజోడు లేక పనిలో వెనుకబడేవారు సాధారణంగా ఈ వర్గాలలోనే ఉంటారు. ఉద్యోగుల తల్లిదండ్రుల సంగతీ మరువరాదు. హైదరాబాద్‌లోని 41 వృద్ధాశ్రమాలలో 1,182 మందిని పరీక్షించిన మరొక అధ్యయనంలో 30.1 శాతం మందికి దృష్టి లోపం ఉన్నట్లు, అందులో అధిక భాగం చికిత్సతో గాని, కళ్లజోడుతో గాని సరిదిద్దదగినదేనని తేలినది.

శిబిరం వేరు, సర్వే వేరు

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన కంటి వెలుగు తొలి విడతలో సుమారు 1.54 కోట్ల మందికి పరీక్షలు జరిగాయి. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండవ విడత ఆరంభమైనది. చూపు మందగించినవారికి కళ్లజోళ్లు అందించడంలో ఇటువంటి శిబిరాల మేలు ఎనలేనిది. అయితే శిబిరం వచ్చినవారికి సేవ చేస్తుంది. సర్వే రానివారిని కూడా వెదికి లెక్కిస్తుంది. మొదటిది నేటి అవసరం తీర్చగా, రెండవది రేపటి ప్రణాళికకు ఆధారమవుతుంది. కారిడార్‌లో మున్ముందు జరిగే ఏ సర్వే అయినా కార్యాలయాలతో పాటు బస్తీలను, కార్మికుల వసతి గృహాలను కూడా కలుపుకొని, దృష్టిక్షేత్ర, రెటీనా పరీక్షలను విడువకుండా సాగినప్పుడే నిజమైన చిత్రం బయటపడుతుంది.

ప్రజలు గమనించవలసినవి

నలభై ఏళ్లు దాటినవారు, ముఖ్యంగా కుటుంబంలో నీటికాసులు ఉన్నవారు, చూపు బాగానే ఉన్నా కంటి పీడనాన్ని, దృష్టినాడిని పరీక్షింపజేసుకోవాలి. మధుమేహం ఉన్నవారు ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి వంటి సంస్థల సేవలను వినియోగించుకోవచ్చు. కళ్లజోడుతో తిరిగి వచ్చే చూపును ఆలస్యం చేసి, తిరిగి రాని చూపును చేజేతులా కోల్పోకుండా ఉండటమే ఈ నగర సర్వే ప్రతి ఇంటికీ అందించే సందేశం.