పన్ను కట్టక ఊరు విడిచిన చీరాల

ఏప్రిల్ మాసాంతము సమీపించుకొలది పట్టణవాసికి ఆస్తి పన్ను జ్ఞప్తికి వచ్చును. ఏడాది పన్ను యావత్తును నెలాఖరులోగా ఏకమొత్తముగా చెల్లించినవారికి 5 శాతము రాయితీ యని రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రకటనలు వెలువడుచుండుటచే, సంవత్సరము పొడుగున ఆ వంక కన్నెత్తి చూడని గృహస్థులు సైతము ఆ నాలుగు దినములు మునిసిపల్ ఆఫీసు కౌంటరు ముందు బారులు తీరుదురు. బారులో నిలువ నోపనివారు ఫోనులోనే కట్టివేయుదురు. ఆ డిమాండు నోటీసును సాంతముగా చదువు ఓపిక ఎందరికి కలదో గాని, చదివినచో అది మంచి పఠనీయ గ్రంథమే. నీటి పేర కొంత, దీపముల పేర కొంత, మురుగుకాలువల పేర కొంత, పారిశుద్ధ్యము పేర కొంత. ఆపైన రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు. పుస్తకము ముట్టనివాడును పుస్తకముల కొరకు పన్ను కట్టుచున్నాడనునది ఈ వ్యాసకర్తకు లోలోపల సంతోషము కలిగించు విషయము.

ఇట్టి పన్ను వచ్చిపడినదనియే 1921 వేసవిలో చీరాల పేరాల ప్రజలు ఇండ్లకు తాళములు వేసి ఊరు విడిచి వెళ్లిరి. ఆ కథ చెప్పవలెననియే ఈ వ్యాసము. అయినను చరిత్ర వ్యాసము గనుక కొంత పూర్వము నుండి ఆరంభించుట మర్యాద.

వీధిలో చెత్త పోయువానిని దండించుట మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురద నీటితో దారి కడ్డము కలిగించినవానికి నాలుగవ వంతును జరిమానా విధించి, అదే నేరము రాజమార్గమున జరిగినచో శిక్ష రెట్టింపనినది. ఆ జరిమానా ఎన్నడైన ఎవ్వరియొద్దనైన వసూలైనదా యనుటకు మాత్రము రసీదులు మిగులలేదు. అక్కడినుండి ఒక్క గంతున వేయి సంవత్సరములకు పైగా దాటి కాకతీయుల కాలమునకు వచ్చినచో, చీరాలకు చేరువనే సముద్రతీరమున, మోటుపల్లి వీరభద్రాలయములో గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున వేయించిన అభయ శాసనము కనిపించును. తుపానుకు చెదరి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకు యావత్తును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాము మాత్రము కీర్తికొరకును ధర్మముకొరకును నియతమైన సుంకము దక్క మరేమియు గ్రహింపమనియు ఆ శాసనము దేశదేశముల వర్తకులకు మాట యిచ్చుచున్నది. ఇంత యని ముందే చెప్పిన పన్నునకు వర్తకుడు భయపడడని గణపతిదేవునికి తెలియును. తరువాతి శతాబ్దిలో కొండవీటి అనపోత రెడ్డి అదే రేవున ఆ అభయమును మరల ప్రకటించెను. ఇంతకన్న ఘనమైన ఆర్థిక విధానము ఆ తీరమున అటుపై చాలకాలము వినబడలేదు.

విజయనగర కాలపు పన్నుల జాబితా దీర్ఘమైనది; దానిని విడిచి 1688లో చెన్నపట్టణమున దిగుదము. ఈస్టిండియా కంపెనీవారు అచట మేయరును, ఆల్డర్మనులను ఏర్పరచి, పురభవనము మొదలగువాని నిమిత్తము పన్ను వేయబూనగా పట్టణవాసులు కట్టక మానిరి. ఈ దేశమున పురపాలనమును, పురపాలక పన్నునకు ప్రతిఘటనమును కవలపిల్లలని దీనిచే తెలియుచున్నది. కంపెనీ పాలనమున మోతుర్ఫా యను పేర మగ్గమునకు, గానుగకు, అంగడికి పన్నుండెడిది; నేతగాని యింటికి అమీను వచ్చిన జ్ఞాపకము ఆ కుటుంబములలో తేలికగా మాసిపోవునది కాదు. 1865 చట్టము పిమ్మట మచిలీబందరు, గుంటూరు, రాజమహేంద్రవరము వంటి పట్టణములకు పురపాలక సంఘములు వచ్చెను. 1882లో రిప్పన్ ప్రభువు, స్థానిక పరిపాలనము జనులకు రాజ్యాంగవిద్య నేర్పు పాఠశాల కావలెనని తీర్మానించెను. పాఠశాలకు జీతము పిల్లవాడే కట్టవలెనన్న సంగతి తరువాత తెలిసెను.

ఇక చీరాల. నాడది గుంటూరు జిల్లాలోనిది. సముద్రమున కల్పదూరములో, ఇసుక నేలమీద, మదరాసు బెజవాడ రైలు దారిని ఆనుకొని యున్న నేతగాండ్ర ఊరు. ఆ ఇసుకలో కొలది లోతు త్రవ్వినంతనే తియ్యని నీరూరును. వాన ఎంత కురిసినను నేల పీల్చుకొనును. చీరాల, పేరాల మొదలగు పల్లెలు కలిసి ఒక యూనియనుగా నున్నప్పుడు ఏటికి సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండెను. 1919లో మదరాసు ప్రభుత్వము చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చగా ఆ పన్ను సుమారు 40,000 రూపాయలకు లేచెను. అది యుద్ధము ముగిసిన మరుసటి ఏడు. వెనుకటి యేడు ఇన్‌ఫ్లూయెంజా దేశమును ఊడ్చిపెట్టి పోయెను. నూలు ధర, బియ్యపు ధర ఆకాశము నంటియుండెను. మగ్గము గుంటలో కాళ్లు పెట్టుకొని దినమంతయు నాడె విసరువానికి పదిరెట్ల పన్ను ఎట్లు తోచియుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ పక్షమునను న్యాయము లేకపోలేదు. పదిహేనువేల జనము ఒకచోట క్రిక్కిరిసి బ్రతుకునప్పుడు కాలువలు, దొడ్లు, మంచినీరు ఎవరో ఒకరు చూడవలెను. కలరా వచ్చినపుడు ఇసుక గాని భజన గాని అడ్డుపడవు. డాక్టరు మాట విన్నచో మునిసిపాలిటీయే కావలెను. నేతగాని లెక్క చూచినచో వలదు. ఈ రెండు మాటలును నిజములే కావుననే ఈ కథ నాకు ప్రియమైనది. ఊరివారిని కూర్చుండబెట్టి ఏది ముందు ఏది వెనుక యని అడిగినవారు లేకపోవుటయే అసలు దోషము. మహజర్లు పంపిరి, ఫలము లేదు. కౌన్సిలు సభ్యులు రాజీనామాలిచ్చిరి. సర్కారు జీతముపై ఒక అధికారిని నియమించి పని సాగించెను. పన్ను కట్టనివారిని జైలుకు పంపిరి. అందొక స్త్రీయు నుండెను. స్థానిక పరిపాలన శాఖ మంత్రియో, తెలుగువాడు, విద్వాంసుడు, పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్ రాజా. కొలది నెలలకే ఆయన మదరాసు రాష్ట్రమునకు ప్రథమ మంత్రియయ్యెను. కొన్ని శాఖలు గవర్నరును, కొన్ని మన మంత్రులును చూచు ద్వంద్వ ప్రభుత్వములో మన చేతికి వచ్చిన కొలది శాఖలలో ఇదియొకటి. ఆ శాఖ తొలి పరీక్షలోనే తెలుగు మంత్రి యొకవైపున, తెలుగు ఊరు వేరొకవైపున నిలిచెను.

ఊరి పక్షమున నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున 1889లో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనందకుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణమును ఆంగ్లీకరించినవాడు. ఆ గ్రంథము 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణగా వెలువడెను. నాట్యములో కనుబొమ కదలిక నెరిగిన మనుష్యుడు మునిసిపల్ పన్నుల తగవులో దిగుట విచిత్రముగా తోచవచ్చును గాని, జనులను ఒక్క తాళమున నడిపించుట ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆశువుగా పద్యము చెప్పును, హాస్యమాడును, అధికారికి కోపము తెప్పించుట ఆయనకు చిటికెలో పని. రామదండు పేర స్వచ్ఛంద సేవకులను కూర్చి, కాషాయము కట్టించి, రుద్రాక్షలు వేయించెను. 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు పోటెత్తిన జనమును అదుపులో పెట్టినది ఈ దండే. లాఠీ పనిని రామనామముతో చేయించిన ఆ పద్ధతిని మన చరిత్రకారులు తగినంతగా మెచ్చుకొనలేదని నాకొక ఫిర్యాదు కలదు.

ఆ సమావేశము ముగిసినపిమ్మట, ఏప్రిల్ 6న, గాంధీమహాత్ముడు చీరాల వచ్చెను. గోపాలకృష్ణయ్య సమస్యను విన్నవించగా ఆయన రెండు దారులు చూపెను: శాంతము తప్పక పన్ను నిరాకరించి కష్టములను సహించుట ఒకటి, మునిసిపల్ హద్దు దాటి వెళ్లిపోవుట రెండవది. హద్దులోపల ప్రజలే లేకున్నచో మునిసిపాలిటీ యెవరిది? అయితే కాంగ్రెసు నుండి ధనసహాయము ఆశింపవలదనియు, గెలిచినచో కీర్తియేగాని ఓడినచో ఆ అపఖ్యాతి కాంగ్రెసు కంటదనియు ఆయన స్పష్టము చేసెను. గుజరాతీ వర్తకుని రక్తము ఆ మాటలో వినబడునని ఎవరైన అన్నచో నేను కాదనను.

జనము రెండవ దారి పట్టెను. పదిహేనువేలకు పైబడిన ఊరిలో పదమూడువేలకు పైగా జనులు ఎండ ముదురు ఆ దినములలో కదలిరి. ఏ మహారాజునకో, శత్రుసైన్యమునకో వెరచి ఊళ్లు ఖాళీయగుట మన కథలలో నున్నది. దీపముల పన్నునకును మురుగుకాలువ పన్నునకును ఊరు కదలుట ఎక్కడను లేదు. బండ్లమీద వంటపాత్రలు, ధాన్యపు బస్తాలు, ముసలివారు. వారితోపాటు విప్పదీసిన మగ్గములు. నేతపని ఎరిగినవారికి ఈ కడపటి మాట బరువు తెలియును. గుంటమగ్గము పెట్టె వంటిది కాదు, ఎత్తుకొని పోయి వేరొకచోట దింపుటకు. దాని సగము నేలలో నుండును. పాతిన గుంజలు పెరకవలెను, పడుగు చుట్టవలెను, అచ్చు తెగకుండ మూటగట్టవలెను. క్రొత్తచోట మరల గుంట త్రవ్వి, ఇసుక జారకుండ అంచులు కట్టి, పాదము ఆడునంత చోటు చూచుకొని, అప్పుడుగాని మొదటి పోగు పడదు. అంతవరకును కూలి లేదు. పదిరెట్ల పన్ను మిగిలినను ఆ దినముల కూలి పోయెను గదా యని లెక్క వేయువాడు ఆర్థికశాస్త్రము చదువుకొన్నవాడు కావచ్చును. ఎడింబరోలో ఆ శాస్త్రమును చదివిన గోపాలకృష్ణయ్య మాత్రము అట్లు లెక్క వేయలేదు.

హద్దు వెలుపల తాటాకు పాకలతో వెలసిన ఆ ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. వివిధ వర్ణముల ప్రతినిధులతో సభ ఏర్పడెను; తగవులు తీర్చుటకు పంచాయతి; కావలికి రామదండు. పాకలు దగ్గర దగ్గరగా నున్నచోట నిప్పు భయము, నీటి బావి తగవు, చెత్త యెక్కడ వేయవలెనను ప్రశ్న తప్పవు. మునిసిపాలిటీ వలదని వచ్చిన జనము ఆ పనులన్నిటిని తమకు తామే పంచుకొని చేసిరి. వారు విడిచి వచ్చినది ఆ పనులను కాదు. తమ్ము అడుగకుండ వచ్చిన బిల్లును. రిప్పన్ ప్రభువు కోరిన పాఠశాల ఏదైన ఈ దేశమున నిజముగా నడచినచో అది ఈ ఇసుకలో నడచినదని నా నమ్మకము. రాత్రులు భజనలు, కథాగానములు సాగెడివట. అభినయ దర్పణమును ఆంగ్లీకరించినవానికి అది చాలినంత రంగస్థలము.

పదునొకండు నెలలు గడచెను. ఎండ పోయి వాన వచ్చెను, వాన పోయి మంచు వచ్చెను. ధనము కొరవడెను. నిధుల కొరకు బరంపురము వెళ్లిన గోపాలకృష్ణయ్యను ప్రసంగింపరాదని నిషేధించి, ఆయన మాటలాడగా పట్టుకొని, ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపిరి. నాయకుడు లేని పాకలలో జనము కొంతకాలము నిలిచి, 1922 తొలినెలలలో దేశమంతట సహాయనిరాకరణ ఉద్యమము ఆగిపోగా, ఒక్కొక్క కుటుంబముగా పాత తాళములు తెరచుకొనిరి. గోపాలకృష్ణయ్య క్షయతో 1928 జూన్ 10న, నలువది యేండ్లు నిండకయే, కన్నుమూసెను. ఆంధ్రరత్న యను బిరుదము మిగిలెను.

ఇక్కడినుండి కథ తిన్నగా నడువదు. స్వతంత్రము వచ్చిన మరుసటి ఏడు, 1948లో, చీరాలకు మరల మునిసిపాలిటీ వచ్చెను. ఎవ్వరును బండ్లు కట్టలేదు. ఊరు 1970లో ఒంగోలు జిల్లాలోనికి, అనగా పిమ్మటి ప్రకాశము జిల్లాలోనికి, 2022లో బాపట్ల జిల్లాలోనికి మారెను; పన్ను కట్టు కౌంటరు మాత్రము ఊరిలోనే యున్నది. రాజ్యాంగపు 74వ సవరణము 1993లో పట్టణములకు స్వపరిపాలనమును హక్కుగా ప్రసాదించెను. ఆపై 2019లో తెలంగాణ చట్టము 75 గజముల లోపు చిన్న యింటికి ఏటికి 100 రూపాయల పన్నే యనెను. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి పన్ను అద్దె విలువను విడిచి ఆస్తి మూలధనపు విలువను పట్టుకొనగా ఆందోళనలు చెలరేగెను. అదే యేడు గాంధీ జయంతినాడు క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమము వచ్చి, దాని వెంట ఇంటింట నెలనెలా చెత్త సేకరణ రుసుము వచ్చెను. దానికి జనము పెట్టిన పేరు చెత్త పన్ను. చెత్తబండి పాట వాడవాడల వినబడినమాట నిజము; బండి రాని వాడలలోను రుసుము అడిగిరనుట వాదములోని మాట. మూడేండ్లకు ప్రభుత్వము మారి, 2024లో ఆ రుసుము రద్దయ్యెను. ఊరు ఖాళీ చేయుటకు బదులు జనము ఓటు వేయుట నేర్చిరని దీనికి భాష్యము చెప్పవచ్చును. ఆ ఎన్నికలలో చెత్తకన్న పెద్ద సంగతులు పెక్కు గలవని బదులును చెప్పవచ్చును.

తెలంగాణములో చాలవరకు పురపాలక సంఘముల గడువు 2025 జనవరిలో ముగియగా అవి ప్రత్యేకాధికారుల చేతిలోనికి పోయెను. నాటి చీరాలలో కౌన్సిలు లేనప్పుడు జీతగాడైన అధికారి వచ్చినాడని జనము కోపగించిరి; తెలంగాణ పట్టణముల జనము మాత్రము ఇందులో కోపగింపదగినదేమైన కలదని అప్పుడు గమనించినట్లు తోచలేదు. గమనించినను ఏమి చేయుదురు? రామనగరము కట్టుదమన్నచో హద్దు వెలుపల ఇసుక ఇప్పుడు ఊరక లేదు. మునిసిపాలిటీ గీత దాటినంతనే పట్టణాభివృద్ధి సంస్థ గీత మొదలగును. అచట తాటాకు పాక వేయదలచినవాడు లేఅవుటు క్రమబద్ధీకరణ రుసుము గజమున కెంతయో ముందుగా విచారించుకొనవలెను.