గౌక్: స్కాట్లండు వారి వెర్రి కోయిల

స్కాట్లండులో పనిచేసే మన డాక్టర్లకు వైద్య గ్రంథాల్లో లేని కొన్ని మాటలను రోగులే నేర్పుతారు. చంకను ‘ఆక్స్‌టర్’ అంటారు. వాంతి ‘బోక్’. మొహం పాలిపోయిన వాడు ‘పీలీ వాలీ’. ఇదంతా మొరటు ఇంగ్లీషని కొట్టిపారేసేవారు మనలోనూ ఉన్నారు. నిజానికి ఇవి ఇంగ్లీషుకు తోబుట్టువైన స్కాట్స్ భాషలోని మాటలు. వాటిలో మమ్మల్ని బాగా ఆకట్టుకున్నది ‘గౌక్’. తెలివితక్కువ పని చేసిన వాణ్ణి పెద్దవాళ్ళు ముద్దుగానో, విసుగుతోనో అనే మాట అది. అసలు అర్థం మాత్రం ఒక పక్షి. ఇంగ్లీషువారు కుకూ అంటారే, అదే; మన కోయిలకు దగ్గర చుట్టం.

ఈ మాట సముద్రం మీద వచ్చింది. 8వ శతాబ్దం చివరి నుంచి ఓడలెక్కి ఈ దీవులకు వచ్చిన నార్వే, డెన్మార్కు వాళ్ళు ఈ పక్షిని ‘గౌక్ర్’ అనేవారు. స్వీడనులో నేటికీ అది ‘యోక్’. పాత ఇంగ్లీషులో కూడా దీనికి సోదర పదం ఒకటి ఉండేది. నార్మన్ల వెనకాల ఫ్రెంచి నుంచి ‘కుకూ’ వచ్చి, ఆ సొంత పదాన్ని గూట్లోంచి తోసేసి తాను కూర్చుంది. 13వ శతాబ్దపు ఇంగ్లీషు వసంత గీతంలో అప్పటికే కుకూ కూస్తున్నది. పక్షి చేసే పనినే దాని పేరు కూడా చేసిందన్నమాట! ఉత్తరాన మాత్రం గౌక్ కదలలేదు.

దానికి వెర్రివాడనే అర్థం ఎలా వచ్చింది? జర్మనులో కూడా ఇదే కుదురుకు చెందిన ‘గౌఖ్’ అనే పాత మాటకు కోయిల అనీ, మూర్ఖుడనీ రెండర్థాలున్నాయి. రోజంతా ఒకే కూత కూస్తూ తన పేరు తానే చెప్పుకునే పక్షి తెలివైనదని ఎవరికీ తోచలేదు కాబోలు. ఏప్రిల్ ఒకటో తారీకున స్కాట్లండులో ఆడే ఆటకు ‘గౌక్ వేట’ అని పేరు. అమాయకుడి చేతికి అంటించిన ఉత్తరం ఇచ్చి పంపుతారు. అందుకున్నాయన విప్పి చదివి, ‘ఇది నా వల్ల కాదు, ఫలానా ఆయన దగ్గరకు వెళ్ళు’ అంటాడు. ‘ఈ వెర్రివాణ్ణి ఇంకా ముందుకు తరమండి’ అని అందులో వ్రాసి ఉందని మోసేవాడికి తెలియదు. వసంతంలో ఈ పక్షి వచ్చే రోజుల్లో విరుచుకుపడే గాలివాన ‘గౌక్ స్టార్మ్’. నాన్సీ బ్రైసన్ మారిసన్ 1933లో తన నవలకు ఆ పేరే పెట్టింది.

పొంతన లేని ఇద్దరు కలిసి తిరుగుతుంటే ‘గౌకూ టిట్లినూ’ అనే నానుడి కూడా ఉంది. టిట్లిన్ అంటే పచ్చిక బయళ్ళలో ఉండే పిచ్చుకంత గోధుమరంగు పిట్ట. స్కాట్లండు కొండల్లో గౌక్ ఎక్కువగా గుడ్డు పెట్టేది దాని గూట్లోనే. ఆ తరువాత జరిగేది మన వృత్తి వారికి మరీ ఆసక్తికరం. మశూచి టీకాకు పేరుపడ్డ ఎడ్వర్డ్ జెన్నర్, అంతకు ముందే 1788లో ఈ పక్షి మీద వ్యాసం ప్రచురించాడు. కళ్ళు తెరవని కోయిల పిల్ల, తన వీపు మీది గుంటలోకి గుడ్డునో, పెంపుడు తల్లి పిల్లనో ఎత్తుకుని, వెనక్కి నడిచి, గూటి అంచు నుంచి బయటికి తోసేస్తుందని వ్రాశాడు. ఆ వ్యాసం తన గురువు జాన్ హంటర్‌కు వ్రాసిన లేఖ. హంటర్ గ్లాస్గో పక్కనున్న ఈస్ట్ కిల్‌బ్రైడ్ దగ్గర పుట్టిన స్కాట్లండు వాడే. దానితో మరుసటి సంవత్సరం జెన్నర్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు గాని, అంత చిన్న పిల్ల అంత పని చేస్తుందంటే చాలామంది నమ్మలేదు.

సుమారు ఎనభై ఏళ్ళ తరువాత పశ్చిమ తీరాన మోయిడార్ట్‌లో ఉండే చిత్రకారిణి జెమైమా బ్లాక్‌బర్న్, ఒక టిట్లిన్ గూటి దగ్గర ఇదే చూసి బొమ్మ వేసింది. భర్త గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు. ఆ బొమ్మను ఆమె ఒక పిల్లల కథాపుస్తకంలో ప్రచురించింది. ఆ వార్త పక్షిశాస్త్రజ్ఞుడు గౌల్డ్ ద్వారా డార్విన్‌కు చేరి, 1872లో వచ్చిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ ఆరో కూర్పులోకి ఎక్కింది. గౌల్డ్ పేరు ఉంది. ఆమె పేరు లేదు. మాకిది అన్యాయమనే అనిపిస్తుంది.

మన కోయిల కూడా కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది. అయితే దాని పిల్ల సాధారణంగా కాకి పిల్లలను తోసెయ్యదు, వాటితో కలిసి పెరుగుతుంది. సంస్కృతంలో దానిని పరభృతమన్నారు, అంటే ఇతరులు పెంచినది. మనవాళ్ళు గొంతు విని మెచ్చుకున్నారు, వీళ్ళు అదే జాతి గొంతు విని నవ్వుకున్నారు.

గౌక్ పిల్ల కన్నతల్లిని ఎన్నడూ చూడదు. టిట్లిన్ పెట్టింది తిని పెరిగి, తోడు లేకుండా ఆఫ్రికా వెళ్ళి, తిరిగి వచ్చి తన కూతే కూస్తుంది. మనిషి పిల్లకు ఆ వసతి లేదు. 1872 చట్టంతో స్కాట్లండులో చదువు నిర్బంధమైంది. బడిలో ఇంగ్లీషే మర్యాద; ఇంట్లో నేర్చిన స్కాట్స్ మాట నోరుజారితే చీవాట్లు, ఒక్కోసారి తోలుపట్టీ దెబ్బలు. తాత గౌక్ అన్న పక్షిని మనుమడు కుకూ అనడానికి రెండు తరాలు చాలాయి. శనివారం తెలుగు తరగతికి పిల్లల్ని బలవంతాన లాక్కెళ్ళే మనకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అయినా కొందరు ఊరుకోలేదు. జాన్ జేమీసన్ అనే మతబోధకుడు 1808లో స్కాట్స్ నిఘంటువు తెచ్చాడు. తరువాత పది సంపుటాల స్కాటిష్ నేషనల్ డిక్షనరీ 1931లో మొదలై 1976లో పూర్తయింది. 2011 జనాభా లెక్కల్లో పదిహేను లక్షల మందికి పైగా మాకు స్కాట్స్ మాట్లాడటం వచ్చునన్నారు. 2025లో స్కాటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ భాషకు అధికార హోదా ఇచ్చింది.

ఇంగ్లండులో ఈ పక్షి బాగా తగ్గిపోయింది. 2009 నుంచి బ్రిటను పక్షుల ఎర్ర జాబితాలో ఉంది. స్కాట్లండు కొండల్లో మాత్రం ఇంకా బాగానే వినిపిస్తుంది. మే నెలలో పిల్లలతో మోయిడార్ట్ వైపు వెళ్ళేవారు లాఖ్ ఐలార్ట్ దగ్గర కారాపి కాసేపు చెవి పెట్టండి. కూత దూరం నుంచే వస్తుంది, పక్షి కనబడటం కష్టం. గడ్డిలోంచి లేచి సన్నగా కీచుమంటూ పైకెగిరే చిన్న పిట్ట మాత్రం తప్పక కనిపిస్తుంది; అదే టిట్లిన్.