మరగురాయి కథ



బిట్రగుంట పేరు వినగానే పెద్దలకు ఒకప్పటి ఆవిరి యింజన్ల షెడ్డు జ్ఞాపకము వచ్చును. ఇంజను పొయ్యిలో బొగ్గు పూర్తిగా మండుటయే లాభము. రసాయనశాస్త్రజ్ఞుని చిక్కు వేరు. పెట్రోలియమునుండి వచ్చు ప్రొపిలీను వంటి వాయువునకు ఆమ్లజని ఒక్క పాలు చేరినచో విలువగల సరకగును. హద్దు మీరినచో బొగ్గుపులుసుగాలియై పోవును. ఆ హద్దును నిలిపిన రాతి చరిత్రను నేడు మనవి చేసెదను.

1756లో స్వీడను దేశపు ఖనిజవేత్త క్రోన్‌స్టెట్ ఒక రాతిని కాల్చి చూడగా, అది పొంగి ఆవిరిని వెడలగ్రక్కెను. గ్రీకు భాషలో మరగురాయి యను నర్థము వచ్చునట్లు ఆయన దానికి జియొలైటు అని పేరిడెను. ఆ రాతినిండ కంటికి కానరాని గదులును వాకిళ్లును గలవు. నీటిలోని సున్నపుపాలును పట్టి సోడియమును విడుచుట దాని గుణము. అందుచే ఇరువదవ శతాబ్దమున బాయిలర్లలో గార కట్టకుండ నీటిని శుద్ధిచేయుటకు ఈ జాతి పదార్థములను వాడిరి.

పిమ్మట ఇటలీ శాస్త్రజ్ఞులు అట్టి గదులుగల సిలికా కట్టడమున అక్కడక్కడ టైటానియమును పొదిగి, 1983లో అమెరికా పేటెంటు పొందిరి. దాని వాకిలి వెడల్పు మిల్లీమీటరులో సుమారు 18 లక్షలవ వంతు. ప్రొపిలీనును, పుండ్లు కడుగు హైడ్రోజన్ పెరాక్సైడును అందు ప్రవేశించును. టైటానియము పెరాక్సైడునుండి ఆమ్లజని పాలొకటి తీసి ప్రొపిలీనునకు అందిచ్చును. పెరాక్సైడున మిగులునది నీరే. వచ్చిన సరకు పరుపుల స్పాంజి చేయుటకు మూలద్రవ్యము. క్లోరినును సున్నమును వాడు పాతపద్ధతిలోనో, ఉప్పు కలిసిన మురుగునీరు విస్తారముగ మిగులును. 2008లో కొరియాలోని ఉల్సాన్ నగరమున ఏటికి లక్ష టన్నులు చేయు కర్మాగారము ఈ కొత్త పద్ధతిని నడుపసాగెను.

మన హైదరాబాదున 1944లో పుట్టిన ప్రయోగశాలయే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. అందలి పరిశోధకులు 2001, 2002 సంవత్సరములలో ఇట్టి పనినే మరియొక త్రోవను సాధించిరి. వారు చేపట్టినది జియొలైటు గాదు. మెగ్నీషియము, అల్యూమినియము పొరలు గల బంకమట్టివంటి పదార్థము. జంటబంధముగల ద్రవ్యములకు ఆమ్లజనిని చేర్చు ఆస్మియము మిక్కిలి ఖరీదైనది. దాని ఆవిరి కంటికి హాని చేయును. దానిని ఆ పొరలలో బంధించి, మరల మరల వాడుకొనవచ్చునని వారు చూపిరి.

సముద్రపుటొడ్డున నివసించు మనకు ఇందొక పాఠము కలదు. కర్మాగారము రానున్నదని విన్నపుడు, ఏమి చేయుదురని అడుగుట పరిపాటి. ఏమి మిగుల్తురు, దానిని ఎక్కడ వదలుదురు అనియు పెద్దలు అడుగవలయునని నా ప్రార్థన.