ఏడాదికి అరువిచ్చిన ఉపగ్రహం

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకీ, వాళ్ళ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు. లోపల బైజూస్ పాఠాలు. తెర మీద పాఠం తెలుగు పల్లెకి రావడం అదే మొదలనుకుంటాం. కాదు. అంతకు 47 ఏళ్ళ ముందే వచ్చింది, సరిగ్గా ఏడాది ఉండి వెళ్ళిపోయింది.

ఆ ప్రయోగం పేరు 'సైట్'. 1975 ఆగస్టు 1న మొదలైంది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రోకి ఏడాది అరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీలు, కోళ్ళ గూటికి వాడే ఇనప వలతో చేసిన గొడుగు యాంటెనాలు చేరాయి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. పొద్దున్నే బడి పిల్లలకి ఒక్కో భాషలో 22 నిమిషాల చిల్లర పాఠం. అది డిజిటల్ కాదు గానీ, ఆశ మాత్రం ఇదే: మంచి టీచరు అందని ఊరికి మంచి పాఠమైనా అందాలని.

1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని నాసా మళ్ళీ అమెరికా వైపు జరిపేసుకుంది. కొన్ని ఊళ్ళకి తర్వాత నేల మీది ట్రాన్స్‌మిటర్లు దిక్కయ్యాయి. మిగతా చోట్ల పాఠం ఆగిపోయింది.

అయితే ఒకటి మిగిలింది. ఆ ఏడాదిలోనే సుమారు 48,000 మంది ప్రైమరీ టీచర్లకి టీవీ, రేడియో, చేసి చూసే ప్రయోగాలు కలిపి సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. ఉపగ్రహం వెళ్ళిపోయినా ఆ టీచర్లు బడిలోనే ఉన్నారు.

ట్యాబ్‌ని నేను తీసిపారెయ్యను. పాఠాలు మెమరీ కార్డులోనే ఉండటం మంచి ఆలోచన. మా దాచేపల్లి వైపు ఫిబ్రవరి, మార్చి అంటే మిరప కోతలు. కూలి ఇళ్ళ పిల్లలు బడికి నాగా పెట్టే రోజులు. నెట్ లేని చేలో కూడా తెరుచుకునే పాఠం వాళ్ళకి నిజంగా అవసరం.

కానీ ఆ పాఠం ఎవరిది? 2024 జూలైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. కార్డులోకి ఎక్కిన వీడియో దాంతో మాయమైపోదు, నిజమే. కానీ సిలబస్ మారితే? పాఠంలో తప్పు దొరికితే? సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళెవరికైనా తెలుసు, తయారుచెయ్యడం మొదటి ఏడాది పని, చూసుకోవడం ఆ తర్వాత అన్ని ఏళ్ళ పని. అప్పుడు ఉపగ్రహం మనది కాదు. ఇప్పుడు పరికరం మనదే, పాఠం మనది కాదు.

ఈసారి డబ్బు పెట్టేటప్పుడు తెర సైజు కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ పాఠాన్ని మన టీచరు విప్పి, దిద్ది, తన ఊరి మాటలో మళ్ళీ చెప్పుకునే వీలుందా? లేదంటే మనం మళ్ళీ అరువు పాఠమే తెచ్చుకుంటున్నట్టు.