కెల్లీ కోట: దొర దయ్యం, అమ్మవారి గుడి

ఈసారి మలేషియాలోని ఒక పాత మేడ గురించి రాస్తున్నాను. మేడ అంటే అంతస్తులున్న పెద్ద ఇల్లు. ఇది పేరాక్ రాష్ట్రంలో, బాతు గాజా ఊరి దగ్గర ఉంది. అందరూ కెల్లీ కోట అంటారు.

విలియం కెల్లీ స్మిత్ స్కాట్లాండ్ మనిషి. 1890లో, ఇరవై ఏళ్ళ వయసులో మలయాకి వచ్చాడు. రబ్బరు తోటలు పెట్టి బాగా సంపాదించాడు. 1915లో ఈ మేడ మొదలుపెట్టాడు. పనివాళ్ళని మద్రాసు నుంచి తెప్పించాడు. ఆరంతస్తుల బురుజు కట్టి, దానిలో లిఫ్టు పెట్టాలని అతని కోరిక.

ఇంతలో స్పానిష్ ఫ్లూ వచ్చింది. పనివాళ్ళు చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్ళు అమ్మవారికి గుడి కావాలని అడిగారు. స్మిత్ ఒప్పుకున్నాడు. మేడకి దగ్గరలోనే మారియమ్మ గుడి లేచింది. గుడి మీద దేవుళ్ళ బొమ్మల పక్కన దొర బొమ్మ కూడా ఉంది. తెల్ల యజమానిని మన పెద్దవాళ్ళు దొర అనేవారు.

1926లో స్మిత్ లిస్బన్‌లో న్యుమోనియాతో పోయాడు. భార్య ఆస్తి అమ్మేసింది. మేడ సగంలోనే ఆగింది.

రాత్రిళ్ళు దొర అక్కడ తిరుగుతాడని, కూతురు హెలెన్ తన గదిలో కనిపిస్తుందని చెప్పుకుంటారు. నేను గుడిలో సేవ చేసే మనిషిని. ఈ కథలు విన్నప్పుడల్లా పనివాళ్ళే గుర్తొస్తారు. జ్వరంతో పోయినవాళ్ళకి దయ్యాల కథల్లో కూడా పేరు లేదు. వాళ్ళకోసం మిగిలింది ఆ గుడే.

మీరు కోట చూడటానికి వెళితే, గుడికి కూడా వెళ్ళండి. వాళ్ళ పేరున ఒక దీపం పెట్టండి.